ఆ నీలం రేకులు ఎవరివి?

“ఆ రేకులు మీయేనా సార్?”

స్టీఫెన్ టీ గ్లాసు కింద పెట్టి తలెత్తాడు. ఎదురుగా ఒక అమ్మాయి. ఎడమకాలికి పిండికట్టు, చంకలో కర్ర, మెడలో యూనివర్సిటీ కార్డు.

“ఏ రేకులమ్మా?”

“తార్నాక నుంచి క్యాంపస్‌కి వచ్చే తొవ్వల, కాంపౌండ్ గోడ కాడ. నీలం రేకులు. ‘ప్రమాదం, లోతైన గొయ్యి, పని జరుగుచున్నది’ అని బోర్డున్నది. పనిచేసేటోళ్లయితే ఒక్కలు కనబడరు.”

రోడ్ల విభాగంలో స్టీఫెన్ కొత్త ఇంజనీరు. ఇంకా కుర్చీ కూడా అలవాటు కాలేదు. ఆ కట్టు చూసి గతుక్కుమన్నాడు.

“కాలు... అక్కడేనా?”

“గాడనే సార్. ఫుట్‌పాత్ దిగి రోడ్డు మీద నడిస్తే ఆటో గుద్దింది.”

కొంప మునిగిందనుకున్నాడు స్టీఫెన్. ఎవరో మహానుభావుడు దారికడ్డంగా రేకులు పాతాడు, పిల్ల రోడ్డెక్కింది, కాలు విరిగింది. ఇక హాస్టలంతా వచ్చి ఆఫీసు ముందు బైఠాయించడమే తరువాయి.

“కూర్చోండమ్మా. పేరు?”

“భూమిక. ఎం.ఏ. తెలుగు చేస్తున్న.”

“రేపు ఆ రోడ్డులో తనిఖీ ఉంది. దిక్కులేనివన్నీ తీసేయమన్నారు...”

“విన్న సార్. అందుకే వచ్చిన.”

“ఇంకేం! పొద్దున్నే జేసీబీ పెట్టి పీకించేస్తాను. సరేనా?”

సంతోషిస్తుందనుకుంటే ఆమె ముఖం వాడిపోయింది. పాపం, సర్కారు మాట మీద నమ్మకం లేదు కాబోలనుకున్నాడు.

“తీసినంక నిజంగనే గొయ్యి ఉంటే? ఎవరన్న పడితే, సార్?” అంది మెల్లగా.

స్టీఫెన్‌కు పాత సంగతి గుర్తొచ్చింది. కిందటి వానాకాలంలో ఇలాగే ఎవరో అడ్డురేకు పక్కకు జరిపితే ఒక స్కూటరాయన గుంతలో పడ్డాడు. స్టీఫెన్ పై అధికారి ఇప్పటికీ సస్పెన్షన్‌లోనే ఉన్నాడు. పీకితే గొయ్యి, పీకకపోతే ధర్నా. పీకాలో వద్దో సాయంత్రంలోగా తేలాలి.

ఫోనందుకున్నాడు. మంచినీళ్ల వాళ్లు “మావి కావు, కరెంటువాళ్లవేమో” అన్నారు. కరెంటువాళ్లు “కేబుల్ వాళ్లనడగండి” అన్నారు. కేబుల్ వాళ్లు నవ్వారు. క్యాంపస్ ఇంజనీరు “గోడకు ఇవతలైతే చెప్పండి, అవతల మాకు సంబంధం లేదు” అని పెట్టేశాడు. ఎవరికి పుట్టిన బిడ్డరా ఎక్కెక్కి ఏడుస్తోంది అన్నట్టుంది రేకుల సంగతి.

ఫోను పెట్టిన ప్రతిసారీ భూమిక అదే ప్రశ్న. “వాళ్లు తీస్తరంటనా?”

“ముట్టుకోరట. పరాయివాళ్ల గోతిలో చెయ్యి పెడితే ఆ కేసు మన మెడకే చుట్టుకుంటుందమ్మా.”

“అయితే మీరేం చేస్తరో కాయితం మీద రాసియ్యున్రి సార్.”

గడుసు పిల్లే. స్టీఫెన్‌కు భయం ఒక పక్క, లోపల అసలేముందోనన్న ఆరాటం ఒక పక్క. ఉండబట్టలేక స్టాంపు, జిగురు సీసా జేబులో వేసుకుని ఆమెతోపాటు ఆటో ఎక్కాడు.

రేకులు నిలువెత్తున గోడను అంటిపెట్టుకుని ఉన్నాయి. మూలన పెద్ద తాళం. స్టీఫెన్ ముందు బోర్డు చదివాడు.

“అక్షరం తప్పు లేదు! ఏ డిపార్ట్‌మెంటోగానీ మాది మాత్రం కాదు,” అన్నాడు.

భూమిక తల దించుకుంది.

బోల్టు సందులో కన్ను పెట్టాడు. చీకటి తప్ప ఏమీ కనిపించలేదు. ఫినాయిలు వాసన గుప్పుమంది.

“సారూ, గొయ్యిల పడ్తవ్! ఇవతలికి రా!” పక్కన జామకాయల బండి ప్రమీలమ్మ గట్టిగా అరిచింది.

స్టీఫెన్ ఎగిరి ఇవతలకు దూకాడు. “ఇవి పాతినవాళ్లను చూశావా అమ్మా?”

“చూడక? ఆయితారం పొద్దుగాల ట్రాలీల వచ్చిన్రు. అందరి నెత్తికి హెల్మెట్లు. మొఖాలు కనబడలే.”

“హెల్మెట్లంటే పెద్ద కంపెనీయే అయ్యుంటుంది.”

“ఎవలైతేంది, సల్లగుండాలె. అంతకుముందు రోడ్డవతల ఉంటుంటి. ఈడ నిలబడరాకపోయేది సారూ. మొగోళ్లంత వచ్చి గీ గోడకే...” అని కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది.

అది స్టీఫెన్‌కూ తెలుసు. బస్సు ఇక్కడికి రాగానే తనూ ఊపిరి బిగబట్టేవాడు. ఆ కంపు గురించి ఆఫీసుకు అర్జీలు వచ్చేవని, ‘మన పరిధి కాదు’ అని రాసి పంపేవారని కూడా విన్నాడు. గుర్తొచ్చి కాస్త సిగ్గనిపించింది.

ఇక ఆలోచించలేదు. పాము చావకుండా, కర్ర విరగకుండా ఒక కాగితం రాశాడు: ‘ఈ రేకులు ఏ శాఖవో తేలేవరకు, ప్రజల భద్రత దృష్ట్యా, వీటిని ఎవరూ తొలగించరాదు.’ సంతకం చేసి, స్టాంపు గుద్ది, రేకు మీద అతికించాడు. జేసీబీ వాడికి ఫోన్ చేసి రేపు రావద్దన్నాడు.

భూమిక కాగితం దగ్గరికెళ్లి ఒక్కో మాటా చదువుకుంది. ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి.

స్టీఫెన్ నొచ్చుకున్నాడు. “ఏం చేయమంటారమ్మా? తీయించలేకపోయాను. ఏమీ అనుకోకండి.”

అప్పుడే కాలేజీ అమ్మాయిలు ముగ్గురు, వరసగా చేతులూపుకుంటూ, కబుర్లాడుకుంటూ రేకుల పక్కనుంచి ఫుట్‌పాత్ మీదే వెళ్లిపోయారు. స్టీఫెన్ వాళ్లను చూశాడు. ఫుట్‌పాత్ వెడల్పు చూశాడు. భూమిక కట్టు చూశాడు. ఎక్కడో లెక్క తప్పింది.

“దారికి రేకులు అడ్డమే లేవు కదమ్మా! మరి మీరు ఫుట్‌పాత్ ఎందుకు దిగారు?”

ప్రమీలమ్మ జామకాయలు సర్దడం ఆపేసింది.

“కాలు ఇరిగినంకనే మేం ఈ రేకులు పెట్టినం సార్.”