జాబితాలో చేర్చిన నంబరు

ఇంజనీరు రక్తంలో ఆక్సిజన్ కొలిచే కొత్త క్లిప్పును తన వేలికే తగిలించుకుని మిషను తెర వంక చూసింది. ఆక్సిజన్ అంకె వచ్చింది. తొంభై ఎనిమిది.

"హమ్మయ్య," అన్నాడు మత్తు డాక్టరు. "ఇందాకటిదాకా ఎందుకు రాలేదమ్మా?"

"తగిలించిన పరికరాన్ని నడిపే ప్రోగ్రామునే డ్రైవరు అంటామండీ. ఏ పరికరాన్ని ఏ డ్రైవరుకి అప్పజెప్పాలో మిషనులోని మూల ప్రోగ్రాము, కెర్నెల్, పరికరం నంబరు చూసి తేలుస్తుంది. ఈ క్లిప్పుల నంబరు ఏ డ్రైవరు జాబితాలోనూ లేదు. పాత క్లిప్పుల డ్రైవరు జాబితాలో నేనే చేర్చాను. ఒకే కంపెనీవి కదా, సరిపోయింది."

"సరే, తీసెయ్యి. లోపల పేషెంటు ఎదురుచూస్తోంది."

ఆమె క్లిప్పు తీసి బల్ల మీద పెట్టింది.

తెర మీద తొంభై ఎనిమిది అలాగే ఉంది.

ఆమె మనసులో ఇరవై దాకా లెక్కపెట్టింది. అంకె కదల్లేదు. డ్రైవరుకు కొత్త క్లిప్పు భాష పూర్తిగా అర్థం కాక, మొదట అందిన అంకెనే పట్టుకుని కూర్చుంది.

"ఇది వాడకండి," అంది. "తప్పు నాదే."

డాక్టరు ముఖం పాలిపోయింది. "పొద్దున మూడో గది మిషనుకీ ఇదే చేశావు కదమ్మా?"

"అవునండీ."

"ఆపరేషనైన పెద్దాయన ఉన్నాడక్కడ. రెండు గంటలుగా తొంభై ఎనిమిదే. కుదురుగా ఉన్నాడు కదాని నర్సుని వేరే గదికి పంపించాను."

ఇద్దరూ పరుగెత్తారు.

పెద్దాయన పెదాలు నీలంగా ఉన్నాయి. డాక్టరు ఆయన గడ్డం పైకెత్తి ఆక్సిజన్ మాస్కు అదిమిపెట్టాడు. ఆమె మిషను ఆపేసి మంచం పక్కన నిలబడింది. ఆ పెదాలకు రంగు తిరిగి వచ్చేదాకా వాటి మీంచి చూపు తిప్పలేదు.