ముందు సీటు

బడి వ్యాను గేటు ముందు ఆగింది. డ్రైవరు పక్క సీట్లోంచి పాప దిగింది.

తల్లి వ్యాను లోపలికి తొంగి చూసింది. వెనక సగం సీట్లు ఖాళీగానే ఉన్నాయి.

"వెనక అంత చోటు పెట్టుకుని దీన్ని రోజూ ముందెందుకు కూర్చోబెడుతున్నావు?"

డ్రైవరు నెరిసిన తల గోక్కున్నాడు. "ముందైతే గాలి బాగా వస్తుందమ్మా."

"మిగతా పిల్లలకు గాలి అక్కర్లేదా?"

అతను నవ్వి ఊరుకున్నాడు. ఆ నవ్వు ఆమెకు నచ్చలేదు.

ఆ ఊళ్ళో ఆమెను చూసి నవ్వేవాళ్ళు లేరు. భర్త సైన్యంలో భర్తీ అధికారి. కాలేజీల వెంట తిరిగి కుర్రాళ్ళకు ఆశ పెట్టడం, ఇళ్ళకు వెళ్ళి అమ్మానాన్నల్ని ఒప్పించడం ఆయన ఉద్యోగం. నెలకింతమందిని చేర్చాలని పైవాళ్ళు పట్టుబడతారు. తగ్గితే చీవాట్లు.

యుద్ధం మొదలయ్యాక ఊళ్ళోకి శవపేటికలు రావడం మొదలైంది. అప్పట్నుంచి ఆమె కొట్లోకి అడుగుపెడితే మాటలు ఆగిపోతున్నాయి. పక్కింటావిడ బట్టలు ఆరేస్తూ కూడా మొహం తిప్పుకుంటోంది.

ఊరంతా మొహం చాటేస్తుంటే వీడొక్కడే ఎందుకు నవ్వుతున్నాడు?

సాయంత్రం భర్త చెవిలో వేసింది.

"ఏవండీ, ఆ డ్రైవరు వాలకం నాకేం బాగాలేదు. పాపను పక్కన కూర్చోబెట్టుకుంటాడు. చాక్లెట్లు కూడా కొనిపెడతాడట."

"పాపనడిగావా?"

"'ఊరికే కూర్చున్నా' అంటుంది. తల దించుకుంటుంది."

బూట్లకు పాలిష్ పెడుతున్న భర్త చెయ్యి ఆగిపోయింది.

మర్నాడు అతను యూనిఫాంలోనే బడికి వెళ్ళాడు. హెడ్మాస్టరు డ్రైవరును గదిలోకి పిలిపించాడు.

"నా కూతురితో నీకేం పనిరా?"

డ్రైవరు ముఖం నల్లబడిపోయింది. "ఎంత మాటన్నారు సార్!"

"మరి చెప్పు. ముందు సీట్లో ఎందుకు కూర్చోబెడుతున్నావు?"

"చెప్పనని పాపకు మాటిచ్చాను సార్. పాపనే పిలిచి అడగండి."

"దానితో నీకు రహస్యాలు కూడానా?" చొక్కా పట్టుకున్నాడు. "నా బిడ్డను నలుగురిలో నిలబెట్టి ఈ సంగతి అడగమంటావా?"

హెడ్మాస్టరు అడ్డం వచ్చాడు. "మీరు శాంతించండి సార్. వీడు రేపట్నుంచి రాడు."

డ్రైవరు వ్యాను తాళాలు బల్ల మీద పెట్టి, ఊడిన గుండీ నేల మీంచి ఏరుకుని వెళ్ళిపోయాడు.

మధ్యాహ్నానికల్లా ఊరంతా గుప్పుమంది.

డ్రైవరుకు జ్వరమని పాపకు చెప్పారు. కొత్త డ్రైవరు వచ్చాడు. పాప వెనక కూర్చుంది.

వారం తిరక్కుండానే ఒకరోజు పాప వ్యాను దిగి, తలకు తువ్వాలు కప్పుకుని ఇంట్లోకి పరుగెత్తింది.

తల్లి తువ్వాలు లాగి చూసింది. జడ సగానికి కత్తిరించి ఉంది.

"ఎవరే? ఎవరు చేశారే?"

"వెనక వాళ్ళు. మీ నాన్న మా అన్నల్ని చంపిస్తాడంటూ గిల్లుతారు, తంతారు. వ్యాను మావయ్య ఒకసారి చూశాడు. అప్పట్నుంచి నన్ను ముందే కూర్చోబెట్టేవాడు. ఏడుస్తుంటే చాక్లెట్ ఇచ్చేవాడు."

"మాకెందుకు చెప్పలేదే, తల్లీ?"

"నాన్న బాధపడతారని. చెప్పొద్దని మావయ్యతో కూడా ఒట్టు వేయించుకున్నా." పాప ముక్కు తుడుచుకుంది. "ఆయనకు ఇంకా జ్వరం తగ్గలేదా అమ్మా?"

గుమ్మంలో నిలబడి వింటున్న తండ్రి లోపలికి రాలేకపోయాడు.

మర్నాడు డ్రైవరు ఇల్లు వెతుక్కుంటూ వెళ్ళాడు. ఇద్దరు మనుషులు పక్కపక్కన నడవలేని సందు. కూరగాయలు తరుగుతున్న డ్రైవరు భార్య లేచి, ఉన్న ఒక్క కుర్చీనీ చెంగుతో తుడిచి వేసింది.

"ఆయన లేరండీ. లారీ మీద దూరం వెళ్ళారు. పిల్లల బండి ఇంకెవరిస్తారు ఆయనకి?"

"తప్పు నాదేనమ్మా. హెడ్మాస్టరుతో మాట్లాడాను. మళ్ళీ పనిలోకి తీసుకుంటారు."

"ఊరి నోరు కూడా మీరే మూయిస్తారా?"

అతను ఎటు చూడాలో తెలియక గోడ వైపు చూశాడు. అక్కడ ఫోటోలో ఒక కుర్రాడు. సైన్యం యూనిఫాం. ఇంకా సరిగ్గా మీసం రాలేదు.

అతనికి ప్రాణం లేచి వచ్చినట్టయింది. ఇక్కడ మాట్లాడటానికి తనకు తెలిసిన సంగతి ఒకటి దొరికింది.

"మీ అబ్బాయి మావాడేనా? డ్రైవరు ఒక్క మాట చెప్పలేదే! ఏ దళంలో ఉన్నాడు? సెలవులకు వస్తుంటాడా?"

ఆవిడ కత్తిపీట పక్కకు జరిపింది.

"గుర్తులేదా సార్? వీణ్ణి చేర్చుకునేటప్పుడు మా ఆయన ఊళ్ళో లేరు. మీరొచ్చి ఇక్కడే కూర్చుని, వీడి పూచీ నాదమ్మా అన్నారు."

అతను ఫోటో వైపు మళ్ళీ చూశాడు. ఎంత చూసినా ఆ ముఖం గుర్తుకు రాలేదు.

"ఊళ్ళోకి మొదట వచ్చిన పెట్టె వీడిదే సార్," అంది ఆవిడ. "వీడి చావు పేరు చెప్పి బడి పిల్లలు మీ పాపను కొడుతుంటే, ఆయన చూసి తట్టుకోలేకపోయారు."