చెరిపిన చుక్కలు

"ముందు ఆ బ్లాగు తీసెయ్," అన్నాడు యోగానంద్.

కౌసల్య ఫోన్ వదల్లేదు. ఒళ్ళో ఏడు నెలల శ్రావ్య ఆమె మెళ్ళో గొలుసు నోట్లో పెట్టుకుని చప్పరిస్తోంది.

"ఇంకోసారి చదవండి. నాకే సరిగ్గా అర్థం కాలేదేమో."

హెలెనా పంపిన ఇంగ్లీషు మెసేజి అది. అతను తెలుగులో చదివాడు. "నీ ఫోటోలన్నీ మొదట్నుంచీ చూశాను. ఆ నల్ల మచ్చ చూస్తే భయంగా ఉంది. మూడింటికి మీ ఇంటికొస్తున్నాను. మీ ఆయన కూడా ఉంటే మంచిది." అతను తలెత్తాడు. "ఇది చాలా, ఇంకోసారి చదవనా?"

"ఆంటీ మంచావిడండీ."

"మంచావిడే. ముప్పై ఏళ్ళు పసిపిల్లల క్లినిక్కులో నర్సు. పిల్ల మొహం మీద నల్లగా కనిపిస్తే ఏమనుకుంటుంది? దెబ్బనుకుంటుంది. అదీ ఒకరోజు కుడి బుగ్గ, ఒకరోజు ఎడమ బుగ్గ, ఒకరోజు నుదురు. రోజుకో చోట కొడుతున్నామనుకుంటుంది."

"దిష్టిచుక్కండీ అది."

"నాకెందుకు చెప్తావు? మొన్న నువ్వు దిష్టి తీసి మిరపకాయలు పొయ్యి మీద వేస్తే పొగకి అలారం మోగి పక్కింటివాళ్ళు పరిగెత్తుకొచ్చారు. వాళ్ళకి చెప్పగలిగావా? రేపు ప్రభుత్వం వాళ్ళొచ్చి పిల్లని తీసుకెళ్తామంటే? నా చదువు, వీసా, అన్నీ తర్వాత సంగతి. పిల్ల, కౌసల్యా."

ఆమె పాపను గుండెకు అదుముకుంది.

వాళ్ళుండే క్రెయిగీబర్న్ పేట లైబ్రరీలో గురువారాలు హెలెనా ఫోన్‌తో ఫోటోలు తీయడం నేర్పుతుంది. వెలుతురు ఎటునుంచి పడాలో, బ్లాగు ఎలా తెరవాలో ఆవిడ చూపించినదే. భాషల పట్టీలో వెతికి వెతికి తెలుగు పట్టుకుని, మాట్లాడితే అక్షరాలు వాటంతటవే పడేలా పెట్టిందీ ఆవిడే. ఇంటరు మధ్యలో ఆగిపోయిన కౌసల్య, ఒత్తులు తప్పుతాయని ఎవరికీ నాలుగు ముక్కలు రాసేది కాదు. ఇప్పుడు రోజుకో ఫోటో, దాని కింద కడుపునిండా కబుర్లు. ఒక్క అక్షరం చదవలేకపోయినా మొదటి మెచ్చుకోలు హెలెనాదే. పొద్దున్నే అది చూసుకుంటే చాలు, ఈ దేశంలో తనకూ ఒక మనిషి ఉందనిపించేది.

"బ్లాగు తియ్యను," అంది కౌసల్య. "చుక్కలు తీసేస్తాను."

వేలితో రుద్దితే ఫోటోలో మరకలు మాయం చేసే యాప్ ఒకటుంది. పోయిన గురువారమే నేర్చుకుంది. అప్పటికి ఒంటిగంట దాటింది. ఫోటోలు ఎనభై నాలుగు. యోగానంద్ యూనివర్సిటీకి వెళ్ళడం మానేసి పాపను ఎత్తుకుని తిరుగుతుంటే, ఆమె గోడకానుకుని కూర్చుని ఒక్కో బుగ్గే రుద్దుతూ పోయింది. తను పెట్టిన చుక్కను తనే చెరపడం, అదీ ఎనభై నాలుగు సార్లు. చెరిపినప్పుడల్లా పాప వైపు చూసి, ఒళ్ళు వెచ్చగా ఉందేమో చూడమని మొగుణ్ణి అడుగుతూనే ఉంది.

ఆఖరి ఫోటో అయ్యేసరికి కాలింగ్ బెల్ మోగింది.

హెలెనా చెప్పులు విప్పి లోపలికొచ్చింది. కూర్చుంటూనే ఫోన్ తెరిచింది. ఒక ఫోటో చూసి, ఇంకోటి చూసి, కళ్ళజోడు పైకి నెట్టింది. "పాప మొహం మీద చుక్కలేవీ?"

కౌసల్య లేచి వెళ్ళి కాటుక డబ్బా తెచ్చి ఆవిడ ముందు పెట్టింది.

"నో బీటింగ్, ఆంటీ. బేబీ బ్యూటిఫుల్. పీపుల్ సీ, బేబీ ఫీవర్. సో బ్లాక్." ఆ పైన ఇంగ్లీషు అయిపోయింది. "మీరైనా చెప్పండీ," అంది మొగుడితో, కళ్ళు నిండిపోతుంటే.

అతను చెప్పబోయాడు. హెలెనా ఆపేసి నవ్వింది. ఆవిడ నెమ్మదిగా చెబుతుంటే అతను తెలుగులో అందించాడు.

"ఈ పేటలో మీ దేశపు పిల్లల్ని ముప్పై ఏళ్ళు తూచినదాన్నమ్మా. ఆ చుక్క లేని పిల్ల కనిపిస్తేనే నాకు ఆశ్చర్యం. నేను దాని గురించి రాయలేదు."

"మరి దేని గురించి?" అంది కౌసల్య.

ఆవిడ ఫోటో పెద్దది చేసింది. పాప గడ్డం కింద కౌసల్య బొటనవేలు. గోరులో పొడుగ్గా నల్లటి గీత. "ఇది మార్చిలో తీసింది, దారమంత ఉంది. ఇది నిన్నటిది, అగ్గిపుల్లంత అయింది. చర్మానికొచ్చే కాన్సరు ఒక్కోసారి గోరు కింద ఇలాగే మొదలవుతుంది. కాకపోవచ్చు కూడా. అయినా తొందరగా చూస్తే నయం చేస్తారు. రేపు పదింటికి డాక్టరు దగ్గర టైము తీసుకున్నాను. నేనే కార్లో తీసుకెళ్తా."

కౌసల్యకు అందులో పాపకి ముప్పు లేదన్నదొక్కటే వినబడింది. ఏడుస్తూనే నవ్వి, రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టింది.

"నా పిల్ల నాకుంది, అంతే చాలు ఆంటీ. మీ రుణం తీర్చుకోలేను." మొగుడి వైపు తిరిగింది. "గోట్లోది కాటుకేనని చెప్పండీ ఆవిడకి. చుక్క పెట్టేటప్పుడు గోట్లో ఇరుక్కుంటుంది. సబ్బుతో రుద్దితే పోతుంది."

యోగానంద్ చెప్పాడు. హెలెనా ఆ జోడించిన చేతుల్ని తన చేతుల్లోకి తీసుకుంది, వదల్లేదు.

"కాటుక ఏ చేత్తో పెడతావని అడుగు."

"కుడిచేత్తోనే. ఎడమచేత్తో ఎవరైనా పెడతారా ఆంటీ," అంటూ కౌసల్య తన చేతుల వైపు చూసుకుంది.

పక్కపక్కనే ఆనుకుని ఉన్న రెండు బొటనవేళ్ళలో, కుడి గోరు తెల్లగా మెరుస్తోంది. నల్ల గీత ఎడమ గోట్లో ఉంది.