చప్పుడు చేయని డబ్బా

క్యారవాన్ ప్లగ్గు మళ్లీ నేల మీద పడి ఉంది.

ఈ వారంలో ఉదయలక్ష్మి కంటపడటం ఇది మూడోసారి.

"మట్టయ్యా!"

ఆమె కేకకు అపార్ట్‌మెంటు సెల్లారంతా దద్దరిల్లింది. లిఫ్టు వెనక నుంచి తువ్వాలతో చేతులు తుడుచుకుంటూ వచ్చాడు వాచ్‌మన్.

"ఎవరు పీకిన్రు?"

"నేనేనమ్మా. జరసేపు ఆగుండ్రి, మల్ల పెడ్త."

"జరసేపా? లోపల సారు పండుకున్నరు. ఆయన ముక్కుకు గాలి పోయేది గా కరెంటుతోనే. తెల్వదా నీకు?"

"బండ్ల బ్యాటరీ ఉన్నది గదమ్మా. దాని మీద నడుస్తది."

"నాకే నేర్పుతున్నవా?"

అతడు బోరు మోటరు వైపు తల తిప్పి ఏదో వింటున్నట్టు నిలబడ్డాడు. ఆ నిలబడటం ఆమెకు నచ్చలేదు.

దిల్‌సుఖ్‌నగర్‌లో ముప్పయ్యేళ్లు చీరల దుకాణం నడిపిన మనిషి ఉదయలక్ష్మి. ఎవరైనా గడప దాటి లోపలికి రాగానే, కొనేవారెవరో, కాజేసేవారెవరో చెప్పగలనని ఆమె నమ్మకం.

భర్త వెంకటనర్సయ్యకు ఊపిరితిత్తులు పాడైపోయాయి. ఆక్సిజన్ యంత్రం లేనిదే గంట గడవదు. మగ్గం పని వెతుక్కుంటూ షోలాపూర్ వెళ్లి అక్కడే స్థిరపడిన అక్కను ఒక్కసారి చూసి రావాలన్నది ఆయన పట్టుదల. అందుకోసమే నాలుగు నెలల కిందట ఈ క్యారవాన్ కొన్నారు. మంచం, ఫ్రిజ్జు, ఇంకొక ఆక్సిజన్ యంత్రం, అన్నీ అందులోనే. బ్యాటరీ నిండుగా ఉండాలని కొన్ననాటి నుంచీ దాన్ని సెల్లార్‌లో ప్లగ్గుకు తగిలించే ఉంచారు. దసరా వెళ్లగానే ప్రయాణం. అలవాటు పడటానికి పది రోజులుగా ఆయన సాయంత్రాలు అందులోనే గడుపుతున్నారు.

వోల్టేజి పెరిగినా తగ్గినా కరెంటును దానంతటదే ఆపేసే రక్షణ పరికరాన్ని కూడా డీలరే బిగించి, సీలు వేసి ఇచ్చాడు. మెరిసే డబ్బా, పచ్చ దీపం, అయిదేళ్ల గ్యారంటీ కాగితం.

మర్నాడు ఆ డబ్బాకు చెవి ఆనించి నిలబడి ఉన్నాడు మట్టయ్య.

"ఏం జేస్తున్నవ్?"

అతడు ఉలిక్కిపడ్డాడు.

"ఇది చప్పుడు చేస్తలేదమ్మా. స్టెబిలైజర్ అయితే టక్కు టక్కుమంటది. గిది నోరే తెరుస్తలేదు."

"మంచి సామాను చప్పుడు చెయ్యదు మట్టయ్యా. మనుషులే చేస్తరు."

"గా డబ్బను నమ్మకుండ్రి అమ్మా."

"మరి నిన్ను నమ్మాల్నా?"



ఆమె కెమెరా పెట్టించింది. నాలుగు రోజుల్లో అయిదుసార్లు దొరికాడు. పరుగున వస్తాడు. అటూ ఇటూ చూస్తాడు. ప్లగ్గు పీకుతాడు. పది నిమిషాలు బండి చాటున ఏం చేస్తాడో కనిపించదు. మళ్లీ ప్లగ్గు పెట్టి వెళ్లిపోతాడు.

"కరెంటు దొంగ. మన ప్లగ్గు పీకి వాని పొయ్యో, హీటరో పెట్టుకుంటుండు" అంది భర్తతో.

"ఓసారి అడగరాదు లక్ష్మీ?"

"అడిగితే దొంగ నేను దొంగనంటడా?"

ఆదివారం అసోసియేషన్ మీటింగులో ఆ వీడియో అందరికీ చూపించింది.

"మోటరు గురక పెట్టినప్పుడే పీకిన సార్" అన్నాడు మట్టయ్య.

"మోటరు గురక పెడితే దాన్ని లేపాలె గని, మా ప్లగ్గు పీకుడేంది?" అంది ఉదయలక్ష్మి.

అందరూ గొల్లున నవ్వారు. అతణ్ని పనిలోంచి తీసేయాలని అక్కడే తీర్మానించారు.

ఆ సాయంత్రమే పరుపు చుట్ట నెత్తిన పెట్టుకుని, భార్యను వెంటబెట్టుకుని బయలుదేరాడు. గేటు దగ్గర ఆగి వెనుదిరిగాడు.

"పొద్దుగూకినంక ప్లగ్గు పెట్టకుండ్రి అమ్మా."

"బెదిరిస్తున్నవా?"

అతడు వెళ్లిపోయాడు.

మూడో రోజు సాయంత్రం ఆరున్నరకు సెల్లార్‌లో దీపాలు మసకబారాయి. మరుక్షణం కళ్లు చెదిరేలా తెల్లగా భగ్గుమన్నాయి. క్యారవాన్‌లోంచి కమురు వాసన వచ్చింది.

ఇరుగుపొరుగువారు వెంకటనర్సయ్యను చేతుల మీద పైకి తీసుకువెళ్లి ఇంట్లోని యంత్రం తగిలించారు. ప్రాణం దక్కింది. బండిలోని యంత్రం, బ్యాటరీలు, ఫ్రిజ్జు కాలిపోయాయి. రాలేమని షోలాపూర్‌కు ఆయనే ఫోను చేసి చెప్పారు. అక్క ఏమన్నదో భార్యకు చెప్పకుండా గోడ వైపు తిరిగి పడుకున్నారు.

ఉదయలక్ష్మి కన్నీరు పెట్టలేదు. చంపాపేట్ నుంచి మెకానిక్ వినయ్‌ను పిలిపించింది.

"మా పాత వాచ్‌మన్ పోతూ పోతూ ఏదో చేసి పోయిండు బాబూ. ఏం చేసిండో కాగితం మీద రాసియ్యి. పోలీస్ స్టేషన్ల ఇస్త. వాన్ని ఇడిచిపెట్టేది లేదు."

వినయ్ డబ్బా సీలు తెంపి మూత తీశాడు. పచ్చ దీపం తప్ప లోపలంతా ఖాళీ.

"చూసినవా! లోపలి సామానంత ఎత్తుకపోయిండు!"

"ఎట్ల ఎత్తుకపోతడు మేడమ్? డీలరు సీలు నేనే గద ఇప్పుడు తెంపింది." అతడు లోపలి తీగను బయటికి లాగి చూపించాడు. "గీ వైరు చూడుండ్రి. ఈ కొసకెంచి ఆ కొస దాకా ఒక్కటే ముక్క. రక్షణ మిషన్ పెట్టాలంటే మధ్యల కొయ్యాలె. ఎన్నడూ కొయ్యలే. ఎన్నడూ ఏం పెట్టలే."

ఉదయలక్ష్మి ఆ తీగను ఈ కొస నుంచి ఆ కొస దాకా వేళ్లతో తడిమి చూసింది.

"బండి కొని ఎన్ని రోజులైంది మేడమ్?"

"నాలుగు నెలలు."

"నాలుగు నెలలా!" వినయ్ నవ్వాడు. "ఈ ఎల్బీనగర్ గల్లీల దినాం పొద్దుగూకంగనే వోల్టేజి పడి మోటర్లు గురక పెడ్తయి, మల్ల వోల్టేజి ఒక్కసారే ఎగిరి లేస్తది. ఖాళీ డబ్బతోని బండి సామాను వారం గూడ బతకొద్దు. అది పడ్డప్పుడల్లా ఉరికొచ్చి ప్లగ్గు పీకే మనిషి ఎవరో మీ తాన ఉన్నడు మేడమ్... ఆయన్ను మాత్రం పోనియ్యకుండ్రి."