కొత్త పంచె

“పంచె కొంటోంది బావా!”

ఆటో వెనక సీట్లోంచి అన్నాడు త్రినాధరావు. రోడ్డుకి అవతల బట్టల కొట్లో అతని భార్య రాజశ్రీ జరీ అంచు పంచె మడత విప్పించి చూస్తోంది.

“నీకేనేమో,” అన్నాడు ఆటో నడిపే స్నేహితుడు పైడిరాజు.

“పెళ్లినాడు తప్ప నేను పంచె కట్టడం ఎప్పుడైనా చూసేవా?”

ఈలోగా రాజశ్రీ సంచితో ఇంకో ఆటో ఎక్కింది. పైడిరాజు వెనకే పోనిచ్చాడు.

సోమవారం సాయంత్రం గాలివానలో పరవాడ నుంచి వస్తున్న కంపెనీ బస్సు కాలవలోకి బోల్తా కొట్టింది. త్రినాధరావు కూర్చున్న వైపంతా నుజ్జయింది. అతను మాత్రం నుదుటి మీద చిన్న ప్లాస్టరుతో ఇంటికొచ్చాడు. రాజశ్రీ అతన్ని వాటేసుకుని చాలాసేపు ఏడ్చింది. మర్నాడు వంటింట్లో తల్లితో ఫోన్లో గుసగుసలాడుతుంటే ఒక ముక్క అతని చెవిన పడింది.

“మొదటాయన్ని ఒకసారి చూసి రావాలమ్మా. ఈయనకి తెలీనివ్వకు.”

మొదటాయన! ఏడేళ్ల కాపురంలో అతను వినని మాట.

“సంబంధం కుదిర్చినప్పుడు ఆళ్లేటీ సెప్పలేదా బావా?” అడిగాడు పైడిరాజు.

“పిల్ల జాతకంలో దోషం ఉంది, తాళి కట్టినవాడికి ప్రాణగండం, శాంతి చేయించేశాం అన్నాడు పిల్లనిచ్చిన మావయ్య. జాతకాలు నేను నమ్మనన్నాను.”

“దోషం సెప్పి మొగుణ్ణి దాసేడన్నమాట!”

“వాడు కనబడ్డాడో, ఈ పూటే దాన్ని పుట్టింట్లో దింపేస్తాను. నీ ఆటోలోనే.”

“నేను దింపను. మా సెల్లెమ్మ సేతి పులస పులుసు తిన్నోణ్ణి.”

ముందు ఆటో ఊరి చివర చెట్ల తోట దగ్గర ఆగింది. తెల్లదొరల కాలంలో ఎక్కడెక్కడి మొక్కలో తెచ్చి నాటిన తోట అది. ప్రతి మానుకీ పేరు రాసిన రేకు ఉంటుంది. వానకి విరిగిన కొమ్మలు దారి పొడవునా పడి ఉన్నాయి. రాజశ్రీ ఏ రేకూ చదవకుండా, దారి బాగా తెలిసినదానిలా నడిచిపోతోంది. వాళ్లిద్దరూ ఆటో దిగి పొదల చాటున వెంబడించారు.

మహాగని చెట్టు నీడలో బెంచీ మీద తెల్లచొక్కా మనిషి పేపరు చదువుకుంటున్నాడు.

“ఆడే బావా! పట్టేద్దామా?”

“ఆగు.”

రాజశ్రీ అతని వంకైనా చూడలేదు. తోట చివరిదాకా వెళ్లి ఠక్కున ఆగిపోయింది. అక్కడ పెద్ద రావిమాను కూకటివేళ్లతో సహా ఒరిగిపోయి ఉంది. దేముడనే తోటమాలి పక్కన కూర్చుని రంపానికి పదును పెడుతున్నాడు.

“ఎప్పుడు పడింది?” అడిగింది రాజశ్రీ.

“సోమారం సాయంత్రమమ్మా, ఆ గాలికి. పచ్చటి సెట్టు మీద ఇక్కడ కత్తెయ్యనివ్వరు. ఇదింకా వందేళ్లుంతాదనుకున్నాను. తవరు ఏటా వత్తారు కదా, కబురెట్టాలన్నా ఊరు తెలీదు.”

ఆమె మాను పక్కన కూలబడింది. సంచిలోంచి కొత్త పంచె తీసి, మడతలు విప్పి, పడిన మాను మీద నిండా కప్పింది. దేముడు రంపం పక్కన పెట్టేశాడు.

త్రినాధరావు ఇక ఆగలేకపోయాడు. పొదల వెనక నుంచి ఒక్క అంగలో వచ్చి నిలబడ్డాడు.

“ఎవడే వాడు? ఎవడి కోసం కొన్నావు ఆ పంచె?”

రాజశ్రీ ఉలిక్కిపడలేదు. అతని నుదుటి మీద ప్లాస్టరు వంక చూసింది. తర్వాత పడిపోయిన మాను వంక చూసింది.

“నాన్న ఏం శాంతి చేయించారో మీరెప్పుడూ అడగలేదు.”

“ఇప్పుడు అడుగుతున్నాను. చెప్పు!”

“మీకంటే ముందు నన్ను ఈ చెట్టుకిచ్చి పెళ్లి చేశారండీ.”