సోమవారం నాటి రసీదు

యాదలక్ష్మి షట్టర్ సగం దించేసరికి మురళీకృష్ణ చెయ్యి అడ్డం పెట్టాడు.

"సోమవారం తేదీతో ఒక్క రసీదు రాసివ్వండి. నా బండి దక్కుతుంది."

దిల్‌సుఖ్‌నగర్ మెట్రో పక్క సందులో ఆమెది చిన్న ఇన్సూరెన్సు ఆఫీసు. అతనిది కిరాయి కారు. రెండేళ్లలో నాలుగుసార్లు గుద్దిన ఘనుడు. మిగతా ఏజెంట్లు దగ్గరికి రానివ్వకపోతే, ఈమే తిరిగి తిరిగి పాలసీ ఇప్పించింది.

"సోమవారంతోని పాలసీ ఖతమైతదని పది ఫోన్లు చేసిన గదన్నా. నిన్నన్న ఎందుకు కట్టలే?"

"నిన్న మంగళవారం కదండీ. మంగళవారం డబ్బు గుమ్మం దాటిస్తామా?"

"ఫోన్ల నుంచి కట్టినా?"

"ఎందులోంచి కట్టినా డబ్బు డబ్బేగా. ఇవాళ పొద్దున్నే కడదామనుకున్నా. నిన్న సాయంత్రం కొత్తపేట రైతుబజారు దగ్గర స్కూటర్‌ని గుద్దేశాను."

మంగళవారం డబ్బు ఇంట్లోనే ఉంది, కారు మాత్రం రోడ్డెక్కింది. ఇప్పుడది పోలీసుస్టేషన్లో ఉంది. సాయంత్రంలోగా ఇన్సూరెన్సు కాగితం చూపించమన్నారట. అతను ఎఫ్ఐఆర్ కాపీ చేతికిచ్చాడు. ఆమె నిలబడే చదివింది. మళ్లీ మొదటినుంచి చదివింది. షట్టర్ పైకెత్తి, లోపలికెళ్లి కూర్చుంది.

"తప్పు తేదీతోని రసీదు నేను రాయనన్నా."

"నా కోసమే కాదండీ. ఆయనకి కాలు విరిగింది. రసీదుంటే కంపెనీ లక్షలిస్తుంది. లేకపోతే నేనివ్వాలి. నా డొక్కు కారు అమ్మినా ఆపరేషన్‌కి చాలదు. చివరికి మునిగేది ఆయనే."

ఆ మాటలో అబద్ధం లేదు. ఇంకొకరైతే ఆ మాటకే పెన్ను అందుకునేవారు. ఆమె ఎఫ్ఐఆర్ కాపీ మడిచి అతనికి తిరిగిచ్చింది.

"ఇయ్యాల నీకు రాస్తే రేపు ఇంకొకలొస్తరు. ఇగ నా రసీదును ఎవలు నమ్మాలె?"

ఆమె కంప్యూటర్ ఆన్ చేసి, డబ్బు కట్టించుకుని, ఇవాళ్టి తేదీతో కొత్త పాలసీ తీసి అతని చేతిలో పెట్టింది.

"బండి బయటికొచ్చినంక మల్ల ఎవరినన్న గుద్దితే, వాళ్లకన్న ఆసరా ఉంటది. జర నిమ్మళంగ నడుపు."

గొంతు పెరగలేదు, విసుగు లేదు. అలాంటి మనిషికి దండం పెట్టాలి. మురళీకృష్ణకు మాత్రం ఒళ్లు మండింది.

"నిజాయితీ మీకు బాగానే ఉంటుంది. ఆ దెబ్బతిన్నాయన భార్యకి ఈ సంగతి తెలిస్తే జన్మంతా మిమ్మల్ని తిట్టుకుంటుంది."

"తిట్టుకోదు."

"మీకెలా తెలుసు?"

యాదలక్ష్మి సంచి భుజానికేసుకుని లేచింది.

"గామె నేనే అన్నా. దవాఖానకే పోతున్న, జర పక్కకు జరుగు."