స్పీకరు పెట్టెలో ఖాళీ

భార్య కాసులపేరు దొంగిలించడానికి సత్యేంద్రకు ఇక శనివారం ఒక్కటే మిగిలింది. ఆదివారం అత్తగారు పార్బతి వచ్చి దాన్ని పట్టుకుపోతుంది.

ఆ కాసులపేరు ఒప్పందం మీద గిర్మిట్ కూలీగా ఫిజీకి వచ్చిన పూర్వీకురాలు బాలమ్మది. చెరకు నరికి కూడబెట్టుకున్న, రాజు తలబొమ్మ ఉన్న సవరన్ బంగారు కాసులను ఒక్కొక్కటిగా గుచ్చుకున్న దండ. ఆమె వంశంలో ఏ ఆడపిల్లకు పెళ్లి కుదిరితే ఆ పిల్ల మెడలోకి వెళ్తుంది. మరో పెళ్లి కుదిరేదాకా అక్కడే ఉంటుంది. ఇప్పుడు అతని భార్య కుసుమ్ చెల్లెలు కామినికి కుదిరింది. దేశానికి స్వాతంత్ర్యం వచ్చి ఏళ్లయినా, కుసుమ్ బీరువాలో ఇంగ్లండు రాజుల తలలు ఇంకా వరసగా వేలాడుతూనే ఉన్నాయి. వాళ్లకు విడుదల ఇప్పించడం తన బాధ్యత అనుకున్నాడు సత్యేంద్ర.

సొంతంగా పెద్ద ఆంప్లిఫయర్ తెచ్చుకుంటే తీసుకుంటామని ఒక హోటల్ బ్యాండు అతనికి మాటిచ్చింది. కాసులపేరు అమ్మితే అది కొనొచ్చు. తవువా ఊళ్లో బట్టల కొట్లో గుడ్డ కొలిచే సత్యేంద్ర దగ్గర ఉన్నది చిన్న వాల్వుల గిటారు ఆంప్. కిందటి నెల అతని పుట్టినరోజుకు కుసుమ్ దానికి తగిలించే ఎక్స్‌టెన్షన్ స్పీకరు పెట్టె కొనిపెట్టింది. నడుమెత్తు చెక్కపెట్టె. లోపల ఒక స్పీకరు, మిగతాదంతా ఖాళీ.

ఆ రోజు అతను ఆమెకు పాఠం చెప్పాడు.

"ముందు ఆంప్ ఆపాలి. దాని సొంత స్పీకరు ప్లగ్ పీకి, అదే రంధ్రంలో ఈ పెట్టె ప్లగ్ పెట్టాలి. రెండిటికీ ఓములు కుదరాలి. స్పీకరు తగిలించకుండా ఆన్ చేసి వాయించావో, లోపల ట్రాన్స్‌ఫార్మరు ఖలాస్."

"అచ్ఛా. లోపల ఇంత ఖాళీ ఎందుకండీ?"

"శబ్దం గుండ్రంగా రావడానికి. నీకు అర్థం కాదులే."

"వెనక పలక ఎవరూ విప్పరా?"

"స్పీకరు చెడిపోతే తప్ప ఎవడు విప్పుతాడు?"

టీచర్ ట్రైనింగ్ చదివిన మనిషికి ఇంత చిన్న విషయం విడమరిచి చెప్పాల్సి వచ్చినందుకు అతనికి జాలేసింది. ఆ రాత్రే అతనికి పథకం తట్టింది. పూర్తిగా సొంత బుర్రలోంచి.

శనివారం సంగం హాల్లో బడి కోసం పాటల కార్యక్రమం. కుసుమ్ ముందే బయల్దేరింది. బీరువా తాళంచెవి మసాలా డబ్బా వెనక ఉందని, ఇల్లు భద్రమని పొద్దుట్నించీ చెబుతూనే ఉంది. భర్త మీద అంత నమ్మకం.

ఆమె వెళ్లాక సత్యేంద్ర వంటింటి కిటికీ గాజుపలకలు తీసి గడ్డిలో పెట్టాడు. బీరువా చిందరవందర చేశాడు. కాసులపేరును చేతిరుమాల్లో చుట్టి స్పీకరు పెట్టె అడుగున పెట్టి, వెనక పలక బిగించాడు. దొంగసొత్తు వ్యానెక్కి ఊరి మధ్యనుంచి దర్జాగా హాలుకు చేరింది. అక్కడ పెద్దలు లేచి దానికి దారి కూడా ఇచ్చారు.

అతను పాఠంలో చెప్పినట్టే ఆంప్ సొంత ప్లగ్ పీకి, పెట్టె ప్లగ్ తగిలించాడు. రెండో పాటకే పెట్టె గరగరమనడం మొదలుపెట్టింది.

మగవాళ్లు చుట్టూ కూర్చుని తాగే యంగోనా కషాయం గిన్నె దగ్గరనుంచి కానిస్టేబుల్ భగవాన్ లేచాడు. సెలవులో ఉన్నా పరిశోధన మానే మనిషి కాదు.

"భయ్యా, లోపల ఏదో లూజుంది. వ్యాన్లో స్క్రూడ్రైవర్ ఉంటే తే, ఇప్పుడే విప్పి చూద్దాం."

సత్యేంద్ర జరిగి పెట్టె వెనక పలకకు అడ్డంగా నిలబడ్డాడు.

ఆడవాళ్ల వరసలోంచి కుసుమ్ వచ్చింది. "వద్దు భయ్యా. ఆంప్ వేడి మీదుండగా స్పీకరు కదిపితే ట్రాన్స్‌ఫార్మరు ఖలాస్. ఈయన నాకు వందసార్లు చెప్పారు."

"అచ్ఛా?" అంటూ భగవాన్ మళ్లీ గిన్నె దగ్గర చతికిలబడ్డాడు. సైన్సు ముందు పోలీసు తగ్గాడు.

పాఠం సగమే ఎక్కించుకున్న భార్య దొరికినందుకు సత్యేంద్ర మొదటిసారి దేవుడికి దణ్ణం పెట్టుకున్నాడు. ఆంప్ గొంతు తగ్గించి మిగతా పాటలు కానిచ్చాడు.

ఇంటికొచ్చి బీరువా చూసిన కుసుమ్ ఏడ్చిన ఏడుపుకు వీధి వీధంతా వచ్చింది. గడ్డిలో గాజుపలకలు చూసి, బయటివాళ్ల పనేనని భగవాన్ తేల్చేశాడు. మర్నాడు పార్బతి వచ్చింది. తిడుతుందేమోనని సత్యేంద్ర భయపడ్డాడు. ఆమె కూతుర్ని దగ్గరికి తీసుకుంది.

"పోనీలే బేటీ. దొంగొచ్చినప్పుడు నువ్వు ఇంట్లో లేవు, అదే మేలు. కామినికి నే చెప్పుకుంటాలే." వెళ్తూ అల్లుడి వైపు తిరిగింది. "దీనికి ధైర్యం చెప్పు బాబూ."

అతను బాధ్యతగా చెప్పాడు.

సోమవారం కుసుమ్ చేపలకని మార్కెట్టుకు వెళ్లగానే పెట్టె వెనక పలక విప్పాడు. అడుగున చేతిరుమాలు ఖాళీగా పడి ఉంది. కాసులపేరు స్పీకరు వెనకనున్న అయస్కాంతాన్ని కరుచుకుని ఉంది. లాగితే ఒక్కో రాజూ టక్కుమని ఊడి, వదలగానే మళ్లీ వెళ్లి అతుక్కుంటున్నాడు.

బంగారాన్ని అయస్కాంతం పట్టదు. అతని పాఠంలో లేకపోయినా ఆ మాత్రం సైన్సు అతనికీ తెలుసు. ఇవి బంగారు పూత పూసిన ఇనుప బిళ్లలు.

"పలక బిగించెయ్యండి, దుమ్ము పడుతుంది." చేపల సంచీతో కుసుమ్ గుమ్మంలో నిలబడి ఉంది.

"అసలుది ఏది?" అని అడిగాడు సత్యేంద్ర.

"అమ్మేశాను. పోయినేడే లౌతోకా పట్నంలో జాగా అయింది. నా పేరు మీద." ఆమె పీట వాల్చుకుని చేపకు పొలుసు తీయడం మొదలుపెట్టింది. "కామినికి కుదిరిందనగానే అమ్మకేం చెప్పాలో తోచలేదు. ఒక దొంగ కావాలి. దొంగ ఇంట్లోనే ఉన్నాడు, పాపం, దాచుకోడానికి చోటే లేదు. అందుకే కదా మీ పుట్టినరోజుకి ఈ పెట్టె కొన్నాను."